ఎముక విరిగితే నరాలకీ కండలకీ ఏం పని? తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. పాతపట్నం వాళ్ళు, కాశీనగరం వాళ్ళు, గుణుపురం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు, అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కొందరు తెలుగులో అడుగుతారు, కొందరు ఒడియాలో, చాలామంది రెండూ కలిపి. కూర్చోగానే కవర్లోంచి ఎక్స్‌రే ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకి పట్టి చూపిస్తారు. అందులో ఎముక తప్ప ఏమీ కనబడదు. చుట్టూ ఉన్న కండ, ఎముక మీద అల్లుకున్న నరాలు ఫిల్ములో పడవు కాబట్టి వాటి గురించి ఎవరూ పట్టించుకోరు. నా దగ్గర కష్టపడేవాళ్ళలో సగం మందికి తేడా వచ్చింది అక్కడే. అందుకని ఒకచోట రాసి పెట్టాను, మీకు కావలసిన ప్రశ్న చూసుకోండి. మీ కట్టు, మీ ఆపరేషను విషయంలో మాత్రం మిమ్మల్ని చూసిన ఎముకల డాక్టరు చెప్పిందే చెయ్యండి.

## దెబ్బ తగిలిన మొదటి రోజులు

ఎముక రాయిలా ఉంటుంది కదా, దానికి నొప్పి ఎలా తెలుస్తుంది?

ఎముక మీద పెరియాస్టియం అని ఒక పల్చటి పొర ఉంటుంది, వేరుశనగ గింజ మీద ఎర్ర పొట్టు ఉన్నట్టు. నొప్పిని మోసే నరాల కొసలు ఆ పొరలో వలలా దట్టంగా ఉంటాయి, అందుకే విరిగిన చోట చెయ్యి ఆనించినా ప్రాణం పోతుంది. అయితే ఈ నరాలు కబురు మోసి ఊరుకోవు. వాటి కొసల నుంచి సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్ పి లాంటి పదార్థాలు ఊరుతాయి. వాటి వల్ల రక్తనాళాలు వెడల్పవుతాయి, కొత్తవి మొలుస్తాయి, ఎముక కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. విరిగిన చోట నరాల పెరుగుదలను పురికొల్పే ఇంకో పదార్థం కూడా పెరుగుతుంది, దాంతో కొద్ది రోజుల్లోనే సన్నటి నరం మొలకలు అక్కడికి పాకుతాయి, అంటే గట్టి ఎముక రావడానికి చాలా ముందే. ఎలుకల్లో ఆ సంకేతాన్ని ఆపేసి చూస్తే రక్తనాళాలు ఆలస్యంగా వచ్చాయి, వాటి వెనకే ఎముకా ఆలస్యమైంది.

'నరం పట్టేసింది' అంటే డాక్టర్ గారు 'ఏ నరం?' అని విసుక్కున్నారు. ఎందుకు?

తప్పు మీది కాదు, మన మాటది. చేతి మీద పచ్చగా కనిపించే రక్తనాళాన్నీ నరమే అంటాం, మడమ వెనక తాడులా తగిలే కండ కొసనీ నరమే అంటాం, మెదడు నుంచి కబురు మోసే అసలు నాడినీ నరమే అంటాం. మూడింటికీ వైద్యం వేరు. అందుకని అక్కడ మీకు ఏమనిపిస్తోందో చెప్పండి. తిమ్మిరా, మొద్దుబారిందా, కరెంటు షాకులా కొడుతోందా, బిగుసుకుందా, బొటనవేలు పైకి లేవట్లేదా. ఈ పేజీలో నరం అంటే కబురు మోసే నాడి మాత్రమే.

తొడ విరిగితే కాలు పొట్టిగా అయిపోయింది, ఎముక లోపలికి దిగిపోయిందా?

దిగిపోలేదు, కండలు లాగేశాయి. తొడ కండలు శరీరంలో బాగా బలమైనవాటిలో కొన్ని. మధ్యలో కర్రలా ఉన్న ఎముక విరిగేసరికి ఆపేది ఏదీ ఉండదు, నొప్పికి కండలు బిగుసుకుని రెండు ముక్కలనీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కించేస్తాయి. అందుకే ఆసుపత్రిలో కాలికి బరువు వేలాడగట్టి లాగి ఉంచుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడకి గుండు తగిలిన సైనికులు చాలామంది దారిలోనే చనిపోయేవారు. కాలిని లాగి పట్టి ఉంచే థామస్ స్ప్లింట్ వాడకం పెరిగాక ఆ చావులు బాగా తగ్గాయి. మోకాలి చిప్ప సంగతీ ఇంతే. అడ్డంగా రెండుగా విరిగితే తొడ ముందు కండ పై ముక్కని పైకి లాక్కుపోతుంది, అందుకే అలాంటప్పుడు తీగ వేసి బిగించాల్సి వస్తుంది. మెడ కింది కాలర్ ఎముక విరిగితే లోపలి ముక్కని మెడ కండ పైకి ఎత్తుతుంది, బయటి ముక్కని చేతి బరువు కిందికి లాగుతుంది.

కట్టు వేసిన రాత్రి నొప్పికి కేకలు పెడుతున్నాడు, తెల్లారేదాకా ఆగొచ్చా?

ఆగొద్దు. ఈ ఒక్కటీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మోకాలి కిందా, ముంజేతిలోనూ కండలు గట్టి సంచుల్లాంటి పొరల్లో ఉంటాయి. లోపల వాపు పెరిగి, బయట కట్టు బిగువుగా ఉంటే కండకీ నరానికీ రక్తం అందదు. గుర్తులు ఇవి: దెబ్బకి తగనంత నొప్పి, బిళ్ళ వేసినా తగ్గదు, కట్టు బయట ఉన్న వేళ్ళని మీరు మెల్లగా సాగదీస్తే గావుకేక పెడతాడు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. వేళ్ళు ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి కాబట్టి ఫరవాలేదు అనుకోకండి, చల్లబడటం బాగా ముదిరాక వచ్చే గుర్తు. కొన్ని గంటల్లో, సుమారు 6 గంటలు దాటేసరికి, కండ తిరిగి రాకుండా చచ్చిపోవడం మొదలవుతుంది. ఎముక అతుకుతుంది, చెయ్యి మాత్రం గద్ద గోళ్ళలా ముడుచుకుపోయి ఉండిపోతుంది. రాత్రి రెండయినా బండి మాట్లాడుకుని బయల్దేరండి.

నాటు కట్టు వేయించుకుని, రోజూ నూనె రాసి మర్దన చేయించుకుంటే?

మా తాతల కాలం నుంచీ ఇక్కడ వెదురు బద్దలు పెట్టి కట్టేవాళ్ళు ఉన్నారు, కొందరి చెయ్యి మంచిదే, అతికినవీ చూశాను. నా గొడవ రెండు విషయాల మీద. ఒకటి, ఎక్స్‌రే లేకుండా బిగించి కట్టడం. రెండోది మర్దన. మోచేతి దగ్గర దెబ్బ తగిలినప్పుడు గట్టిగా పిసికితే చితికిన కండలో ఎముక పెరుగుతుంది, అవును, కండలోనే. చేతితో తడిమితే రాయిలా తగులుతుంది, మోచెయ్యి సగంలో ఆగిపోతుంది. జీడిమామిడి చెట్టు మీంచి పడ్డ ఓ కుర్రాడికి విరుపు చిన్నది, మర్దన మూడు వారాలు. ఇప్పుడు ఆ చేత్తో ముద్ద నోటిదాకా రాదు, ఎడం చేత్తో తింటాడు.

నొప్పి బిళ్ళలు వేసుకుంటే ఎముక అతకదంటారు. నిజమేనా?

డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు వాపుని తగ్గిస్తాయి. ఆ మొదటి వాపుతోనే అతుకు పని మొదలవుతుంది కాబట్టి ఈ అనుమానం వచ్చింది. మనుషుల మీద చేసిన అధ్యయనాలు రెండు రకాలుగానూ చెబుతున్నాయి. డాక్టరు రాసిన కొద్ది రోజులు వేసుకోవడానికి భయపడకండి, ఎందుకంటే నొప్పి ఓర్చుకుంటూ బిగుసుకు కూర్చునేవాడు వేలు కూడా కదపడు. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగడం మాత్రం మానండి.

## కట్టులో ఉన్న వారాలు

కదపొద్దని కట్టు వేశారు, మీరేమో వేళ్ళు ఆడించమంటారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరిదీ. డాక్టరు కదపొద్దన్నది విరిగిన చోటు, నేను కదపమన్నది కట్టు బయట ఉన్న వేళ్ళు, భుజం. విరిగిన చోట ముక్కలు ఇటూ అటూ ఊగిపోతే లేత ఎముక తెగిపోతుంది, ఆ సందులో నారలాంటి కణజాలమే మిగులుతుంది. కట్టులో ఉండగా కండలు బిగిస్తే వచ్చే అతి చిన్న అదురు మాత్రం అతుకు ముద్దని పెంచుతుంది, దాన్నే డాక్టర్లు క్యాలస్ అంటారు.

ఇది నాకు చదువుకున్నప్పుడు తెలిసింది, ఒంటికి మాత్రం ఆలస్యంగా ఎక్కింది. ఓ వానాకాలం మా పెరట్లో నాచు మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. రోజుకి పదిమందికి వేళ్ళు ఆడించమని చెప్పేవాణ్ణి, నా చెయ్యి మాత్రం మెళ్ళో గుడ్డ ఊయలలో వేసుకుని, నొప్పి వస్తుందేమోనని బొమ్మలా పెట్టుకు కూర్చున్నాను. ఆరు వారాలకి కట్టు కోశారు. ఎముక బ్రహ్మాండంగా అతికింది. పిడికిలి బిగించబోతే చూపుడువేలికీ అరచేతికీ మధ్య నిమ్మకాయ పట్టేంత ఖాళీ ఉండిపోయింది, భుజం తలదాకా లేవలేదు. అది పోగొట్టుకోవడానికి మూడు నెలలు పట్టింది. మా ఇంటావిడ ఇప్పటికీ ఆ నిమ్మకాయ సంగతి ఎత్తుతుంది.

ఎముక దానంతట అదే అతుకుతుంది కదా, కండ ఏం చేస్తుంది?

చాలా చేస్తుంది. మొదటిది రక్తం. ఎముక విరిగినప్పుడు దాని లోపలి రక్తనాళాలు తెగిపోతాయి, అవి మళ్ళీ అల్లుకునేదాకా చుట్టూ ఉన్న కండల నుంచి వచ్చే రక్తమే ఆధారం. మీ మోకాలి కింద ముందు వైపు చెయ్యి పెట్టి చూడండి, చర్మం కిందే ఎముక తగులుతుంది, మధ్యలో కండ లేదు. అతకడానికి మొండికేసే ఎముకల్లో అదీ ఒకటి కావడానికి ఇదో కారణం. లారీ గుద్ది అక్కడి కండ చీరుకుపోయి ఎముక బయటపడితే, ప్లాస్టిక్ సర్జన్లు పిక్క కండలో ఒక భాగాన్ని తిప్పి తెచ్చి ఎముక మీద పరుస్తారు. గాయం మూసుకోవడం ఒక్కటే కాదు, ఎముకకి ఆ కండ రక్తం తెచ్చిపెడుతుంది.

రెండోది కబుర్లు. కండ పని చేస్తున్నప్పుడు రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది. ఐజీఎఫ్-1 ఎముక పెరుగుదలకి సాయం చేస్తుంది. మయోస్టాటిన్ అని ఇంకోటి ఉంది, అది కండ పెరక్కుండా కళ్ళెం వేస్తుంది, అది లేకుండా పుట్టించిన ఎలుకల్లో అతుకు ముద్ద పెద్దగా వచ్చింది. బొటాక్స్ సూదితో కండని పడుకోబెట్టిన ఎలుకల్లో మాత్రం అతుకు బలహీనంగా వచ్చింది.

మూడోది బరువు. కండ లాగిన ప్రతిసారీ ఎముక మీద ఒత్తిడి పడుతుంది, లోపలి కణాలు దాన్ని పసిగట్టి ఎక్కడ ఎముక వెయ్యాలో, ఎక్కడ తీసెయ్యాలో చెబుతాయి. ఎముక మోసే బరువుని బట్టి తన ఆకారం మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అంతరిక్షంలో తేలుతూ ఉండే వాళ్ళకి బరువు మోసే ఎముకల్లో నెలకి 1 నుంచి 1.5 శాతం సాంద్రత తగ్గుతుంది. మంచానికి అతుక్కుపోయిన మనిషి ఎముకలూ అదే దారి పడతాయి.

కట్టు లోపల ఉన్న కండకి వ్యాయామం ఎలా చేయించాలి?

కీలు కదలకుండా కండ బిగించాలి. కాలు కట్టులో ఉంటే, మోకాలి వెనక ఉన్న దిండుని పరుపులోకి నొక్కుతున్నట్టు తొడ బిగించండి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి, గంటకి ఓ పదిసార్లు. అంకెలు పైకే లెక్కపెట్టండి, ఊపిరి బిగబట్టకుండా ఉంటారు. డాక్టరు వద్దన్న విరుపులకి, ముఖ్యంగా చిప్ప విరిగినవాళ్ళు, అడిగాకే చెయ్యండి. రెండో కాలికీ వ్యాయామం ఆపకండి, ఒక వైపు కసరత్తు చేస్తే నరాల ద్వారా రెండో వైపు బలం కూడా కొంత నిలుస్తుంది.

అదీ కుదరకపోతే కళ్ళు మూసుకుని ఊహించండి. నవ్వకండి, అమెరికాలో ఒహాయో విశ్వవిద్యాలయం వాళ్ళు దెబ్బలేవీ లేని మనుషుల చేతులకి నాలుగు వారాలు కట్లు వేసి చూశారు, 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఊరికే ఉన్నవాళ్ళు 45 శాతం దాకా బలం పోగొట్టుకుంటే, చేతిని గట్టిగా బిగిస్తున్నట్టు మనసులో ఊహించుకున్నవాళ్ళు 24 శాతం దాకానే పోగొట్టుకున్నారు. బలం కండలో ఎంత ఉందో, దాన్ని నడిపే నరంలోనూ అంత ఉంది.

కాలి మీద బరువు ఎప్పుడు వెయ్యాలి?

ఇది మీ విరుపునీ, వేసిన రాడ్డునీ ప్లేటునీ బట్టి ఉంటుంది కాబట్టి తారీఖు డాక్టరే చెప్పాలి. చెప్పాక భయంతో వాయిదా వెయ్యకండి, అంతే. మోకాలి కింది ఎముక విరిగినవాళ్ళని ప్రత్యేకమైన కట్టుతో తొందరగా నడిపిస్తే బాగా అతుకుతోందని అగస్టో సర్మియంటో 1960లలో చూపించాడు. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే ఎముకల డాక్టరు కూడా కాలి చుట్టూ తన రింగులు బిగించి మనుషుల్ని నడిపించాడు. 'సగం బరువు' అంటే ఎంతో తెలియకపోతే ఇంట్లో బరువు చూసే మిషను మీద కాలు పెట్టి ముల్లు చూస్తూ అలవాటు చేసుకోండి.

ఏం తినాలి?

చోడి (రాగి) అంబలి మంచిదే, వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంటుంది. కానీ కండకి కావలసింది మాంసకృత్తులు, అంటే గుడ్డు, చేప, పప్పు, పాలు. పథ్యం పేరుతో గుడ్డు, చేప మాన్పించేస్తారు చాలా ఇళ్ళలో, అది పెద్ద తప్పు.

చుట్ట మానాలా? గుడాకు అయితే ఫరవాలేదా?

రెండూ మానాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని ముడిచేస్తుంది, పొగ తాగేవాళ్ళ ఎముకలు ఆలస్యంగా అతుకుతాయని బాగా తేలిన విషయం. మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు, చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని, అదేమో పొగ తాగడం కింద లెక్కే లేదు వాళ్ళకి! పళ్ళకి రాసే గుడాకులో ఉన్నదీ పొగాకే.

టెన్షన్ పడితే ఎముక అతకదా?

టెన్షన్ పడినంత మాత్రాన ఆగిపోదు, కానీ సంబంధం ఉంది. భయం, కోపం, నిద్రలేమి వచ్చినప్పుడు జోరెక్కే నాడీ వ్యవస్థ ఒకటుంది, దాన్ని సింపతెటిక్ అంటారు. దాని కొసల నుంచి వచ్చే నోరెడ్రినలిన్‌ని అందుకునే తలుపులు ఎముక కట్టే కణాల మీద కూడా ఉన్నాయి. ఆ దారిలో మెదడు ఎముక తయారీని తగ్గించగలదని 2002లో ఎలుకల్లో చూపించారు. మనిషికి దీన్ని అచ్చంగా వర్తింపజేసి, ఆ తలుపులు మూసే బీపీ బిళ్ళలు మింగమనడం లేదు. రాత్రి నిద్ర పట్టడం లేదంటే ఆ మాట డాక్టరుతో చెప్పండి.

## కట్టు విప్పాక

చెయ్యి పుల్లలా అయిపోయింది, మళ్ళీ వస్తుందా?

వస్తుంది. కండ పోవడం వారాల్లో, రావడం నెలల్లో. పొలుసులు లేచిన చర్మం, పెరిగిన వెంట్రుకలు, వాసన చూసి బెదిరిపోకండి, గోరువెచ్చని నీళ్ళతో కడిగి కొబ్బరి నూనె రాసుకోండి.

తొడ బిగించమంటే కండ అసలు మాట వినట్లేదు. నరం చచ్చిపోయిందా?

చాలాసార్లు చచ్చిపోదు. మోకీలులో వాపు, నొప్పి ఉంటే వెన్నుపాము తొడ కండకి వెళ్ళే కబురుని తనంతట తానే తగ్గించేస్తుంది. మీరు ఎంత గట్టిగా అనుకున్నా కండ ఊరికే వణికి ఊరుకుంటుంది. ముందు ఐసు పెట్టి వాపు తగ్గించాలి, తరవాత మంచి కాలి తొడ బిగించి చూసి అలాగే ఇటు చెయ్యాలి, చేత్తో కండ మీద తడుతూ ఉంటే ఇంకా మేలు. అవసరమైతే కరెంటు పెట్టి కండని లేపుతాం.

చెయ్యి వాచి నిగనిగలాడుతోంది, చొక్కా చెయ్యి తగిలినా మంట. ఎముక అతికిపోయింది మరి?

వెంటనే చూపించుకోండి. అతుకుకీ దీనికీ సంబంధం లేదు, నరాల వ్యవస్థే గాడి తప్పింది. సీఆర్‌పీఎస్ అంటారు, మణికట్టు విరిగినవాళ్ళలో ఎక్కువ చూస్తాం. ఒక చెయ్యి వేడిగా, ఒకటి చల్లగా ఉంటుంది, ఒక చేతికే చెమట పడుతుంది, రంగు మారుతుంది. 'నాటకాలాడుతోంది' అని అత్తగారు అన్న కేసులు నాకు తెలుసు. నాటకం కాదు. అద్దం ముందు మంచి చెయ్యి ఆడిస్తూ దాని నీడని జబ్బు చెయ్యి అనుకోవడం, రకరకాల గుడ్డలతో చర్మాన్ని అలవాటు చెయ్యడం, మెల్లగా వాడకంలోకి తేవడం, వీటితో చాలామంది తేరుకుంటారు, తొందరగా మొదలుపెడితే.

జబ్బ ఎముక విరిగాక మణికట్టు వేలాడిపోతోంది. ఇక అంతేనా?

ఆ ఎముక వెనకే చుట్టుకుని రేడియల్ నరం పోతుంది, విరుపుతో పాటు అదీ నలిగి ఉంటుంది. ఎక్కువ మందిలో తెగదు, దానంతట అదే కోలుకుంటుంది, కానీ నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరే పాకుతుంది, కాబట్టి లెక్క నెలల్లోనే. ఈలోగా మణికట్టుని పైకి పట్టి ఉంచే స్ప్లింట్ పెట్టుకోండి, వేళ్ళు రోజూ రెండో చేత్తో పూర్తిగా చాపండి. మూడు నాలుగు నెలలకీ కదలిక జాడ లేకపోతే నరం పరీక్షలు చేయించి సర్జన్‌ని కలవాలి.

## అనుకున్నట్టు జరగనప్పుడు

బైకు మీంచి పడి తలకీ కాలికీ దెబ్బ తగిలితే, ఎముక అంత తొందరగా ఎలా అతికింది?

మెదడుకి గట్టి దెబ్బ తగిలినవాళ్ళలో అతుకు ముద్ద విపరీతంగా రావడం డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. ఎముక పనిలో మెదడుకి చెయ్యి ఉందనడానికి ఇంతకన్నా గట్టి గుర్తు లేదు. అయితే ఇదేమీ వరం కాదు, అదే మనిషికి తుంటి చుట్టూ, మోచేతి చుట్టూ కండల్లో అక్కర్లేని ఎముక పెరిగి కీళ్ళు బిగుసుకుపోవచ్చు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకీ ఈ బెడద ఉంది.

నాన్నకి షుగరు, పాదం విరిగినా నొప్పి లేదంటున్నాడు. నొప్పి లేదంటే మంచిదే కదా?

కానే కాదు. ఏళ్ళ తరబడి షుగరు వల్లా, కుష్టు వల్లా నరాలు మొద్దుబారితే విరిగిన పాదం మీదే నడిచేస్తారు, ముక్కలు అరిగి పాదం అడుగు పడవలా వంగిపోతుంది. నొప్పి లేకుండా ఒక పాదం వాచి, ఎర్రగా, రెండోదానికన్నా వెచ్చగా ఉంటే బరువు ఆపేసి ఎక్స్‌రే తీయించండి. షుగరు ఉన్నవాళ్ళకి అతకడానికీ మామూలుకన్నా ఎక్కువ కాలం పడుతుంది.

సౌండు మిషను అద్దెకి తెచ్చుకుంటే తొందరగా అతుకుతుందట?

తక్కువ తీవ్రత అల్ట్రాసౌండ్ గురించే అయితే, మోకాలి కింది ఎముకకి రాడ్డు వేయించుకున్న 501 మందిలో పరీక్షించి 2016లో ఫలితం ప్రచురించారు. తేడా ఏమీ కనబడలేదు. ఆ డబ్బులు గుడ్లకి పెట్టండి.

మళ్ళీ చెట్టు ఎప్పుడు ఎక్కొచ్చు?

జీడిమామిడి సీజను వచ్చిందంటే రోజూ ఇదే ప్రశ్న. ఫిల్ములో అతుకు కనబడ్డాక కూడా లోపల మరమ్మతు నెలల తరబడి, ఏళ్ళ తరబడి సాగుతుంది, కాబట్టి మొదట డాక్టరు సరేననాలి. ఆ తరవాత నేను చూసేవి రెండు. విరిగిన కాలి పిక్కని దర్జీ టేపుతో కొలిచి రెండో పిక్కతో పోలుస్తాను. తరవాత గోడ పక్కన నిలబెట్టి, ఒంటికాలి మీద, కళ్ళు మూసుకోమంటాను. కీలు ఏ వంపులో ఉందో మెదడుకి చెప్పే నరాలు కోలుకోకపోతే రెండు అంకెలు లెక్కపెట్టేలోపే గోడ పట్టుకుంటారు. మంచి కాలి మీద ఎంతసేపు నిలబడ్డారో దీని మీదా దాదాపు అంతసేపు నిలబడగలిగేదాకా కింద నిలబడి గింజలు ఏరండి, చెట్టు మీదికి ఇంకెవరినైనా ఎక్కించండి.